‘గురుత్వాకర్షణాయస్కాంతం’ సరైన మాటేనా?

సందేహం: విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటాను, డిగ్రీ విద్యార్థులకు ఫిజిక్స్ చెబుతాను. సెమినార్ పోస్టర్ మీద ‘గురుత్వాకర్షణాయస్కాంతం’ అని రాస్తే, అదేం అయస్కాంతం సార్ అని పిల్లలు అడిగారు. సంధిలో తప్పు ఉందా?

సమాధానం: సంధి బాగానే ఉంది, సవర్ణదీర్ఘం. చిక్కంతా సమాసంతోనే. స్కూల్లో ఇనుప మేకుకు రాగి తీగ చుట్టి, బ్యాటరీ తగిలించి గుండుసూదులు ఎత్తిస్తారు కదా, దాన్ని విద్యుదయస్కాంతం అంటాం. విద్యుత్తు వల్ల ఏర్పడే అయస్కాంతం అన్నమాట. అదే వరసలో మీ మాట చదివితే గురుత్వాకర్షణ వల్ల ఏర్పడే అయస్కాంతం అవుతుంది. పిల్లలు చదవాల్సినట్టే చదివారు.

మీరు చెప్పదలచుకున్నది గురుత్వానికీ, విద్యుదయస్కాంత ప్రభావాలకూ మధ్య ఉన్న ఒక పోలిక. న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రంలోనూ, విద్యుదావేశాల మధ్య బలాన్ని చెప్పే కూలుంబ్ సూత్రంలోనూ దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కదిలే విద్యుదావేశం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తున్నప్పుడు, కదిలే ద్రవ్యరాశి కూడా అలాంటిదేదో పుట్టించాలి కదా అని ఇంగ్లండ్ శాస్త్రవేత్త హెవీసైడ్ 1893లోనే ఆలోచించాడు. ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం వచ్చాక, 1918లో లెన్సే, థిరింగ్ అనే శాస్త్రవేత్తలు తిరిగే గోళానికి దాన్ని లెక్కగట్టారు. క్షేత్రం బలహీనంగా, వేగాలు కాంతి వేగం కంటే బాగా తక్కువగా ఉంటేనే ఈ పోలిక నిలుస్తుంది. (ఆ లెక్కన మన భూమి క్షేత్రం కూడా బలహీనమే.)

నా అసలు అభ్యంతరం ‘ఆకర్షణ’ మీద. ఈ ప్రభావాన్ని కొలవడానికి నాసా గ్రావిటీ ప్రోబ్ బీ ఉపగ్రహాన్ని 2004లో 642 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. అందులో పింగ్‌పాంగ్ బంతంత క్వార్ట్జ్ గోళాలు బొంగరాల్లా తిరిగాయి. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల వాటి అక్షం ఏడాదికి 39 మిల్లీ ఆర్క్ సెకన్లు, అంటే డిగ్రీలో దాదాపు 92 వేలవ వంతు, పక్కకు జరగాలని సిద్ధాంతం చెప్పింది. 2011లో ప్రకటించిన కొలత సుమారు 37, కొలతలో ఉండే తేడాకు లోబడి సరిపోయింది. అక్షం అలా పక్కకు తిరగడంలో ఆకర్షణ ఎక్కడుంది?

అందుకని ‘గురుత్వ’ దగ్గరే ఆపండి, చివర ‘క్షేత్రం’ తప్పక చేర్చండి: గురుత్వాయస్కాంత క్షేత్రం. కింద చిన్న అక్షరాల్లో ‘అయస్కాంత క్షేత్రాన్ని పోలిన గురుత్వ ప్రభావం’ అని విడమరచండి. పాదపద్మం అంటే ఎవరూ తామరపువ్వు కోసం వెతకరు, చెవికి అంత అలవాటైపోయింది. ఈ మాటకు ఆ అలవాటు ఇంకా పడలేదు. మొత్తం పోలికకు కొందరు వాడే ‘గురుత్వ విద్యుదయస్కాంతత్వం’ మాత్రం పోస్టర్‌కు ఎక్కించకండి. అయస్కాంతంతో పాటు కరెంటు ఎక్కడిదని కూడా అడుగుతారు.