మూడు మతాలు నిలిచిన తీరు: నాగార్జునకొండలోనూ నాందేడ్‌లోనూ నాకు అర్థమైనది

హిందూ, బౌద్ధ, సిక్కు మతాలు మూడూ ఈ నేల మీదే పుట్టి, మూడూ కర్మనూ పునర్జన్మనూ ఒప్పుకుంటున్నప్పుడు, మొదటిది ఇంటింటా నిలిచిపోవడానికీ, రెండోది ఆసియా అంతటా వ్యాపించి పుట్టినచోటే సన్నగిల్లడానికీ, మూడోది ఎక్కువగా పంజాబీలలోనే ఉండిపోవడానికీ కారణమేమిటని మీరు అడిగారు. నేను పల్నాడులో ఉన్నత పాఠశాల పిల్లలకు చాలా ఏళ్లు సాంఘికశాస్త్రం బోధించాను. వారిని ఏటా లాంచీలో నాగార్జునకొండకు తీసుకువెళ్లేవాణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత మహారాష్ట్రలోని నాందేడ్‌లో సిక్కుల గురుద్వారాలో కొన్ని రోజులు గడిపాను. ఈ రెండు చోట్లా చూసినదాన్ని బట్టి నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. ఒక మతం ఎంతదూరం వెళ్లిందో, ఎంతకాలం నిలిచిందో తెలుసుకోవాలంటే దాని సిద్ధాంతంతో పాటు, దాన్ని నడిపినవారికి అన్నం ఎవరు పెట్టారో కూడా చూడాలి.

ముందు సిద్ధాంతం గురించి క్లుప్తంగా చెబుతాను. కర్మ అనే మాట మూడింటిలోనూ ఉన్నా దాని వెనుక ఉన్న ఊహ ఒకటి కాదు. వేదాంతం చెప్పే హిందూ మార్గాల్లో దేహం మారినా మారని ఆత్మ ఒకటుంది. బుద్ధుడు అటువంటి శాశ్వతమైన ఆత్మను అంగీకరించలేదు. దుఃఖానికి మూలం తృష్ణ అని చెప్పి, దాన్ని తొలగించుకునే అష్టాంగ మార్గాన్ని చూపాడు. గురు నానక్ రూపం లేని ఒకే పరమాత్మను, ఆయన ఆజ్ఞను, ఆయన కృపను ముందు పెట్టి, నామం జపించమని, కష్టపడి సంపాదించమని, సంపాదించినది పంచుకుని తినమని బోధించాడు. ఈ మూడో మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

నాగార్జునకొండ ఒకప్పటి విజయపురి, క్రీ.శ. 3, 4 శతాబ్దుల్లో ఇక్ష్వాకుల రాజధాని. ఇప్పుడు ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయం నీటి కింద ఉంది. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరగడానికి ముందు మొదలైన తవ్వకాలు 1960 దాకా సాగాయి కనుక, కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదా, దగ్గరలోని అనుపు అనే చోటా తిరిగి పేర్చగలిగారు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాలలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నవి స్త్రీలవి. మొదటి ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి చాంతిసిరి అదే ఊరిలో బుద్ధుడి మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, నిర్మింపజేసింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పిల్లవాడు లేచి, "మరి వాళ్లింట్లో గొడవ కాలేదా, మాస్టారూ?" అని అడిగేవాడు. ఒకే ఇంట్లో సోదరుడు యజ్ఞానికీ, సోదరి భిక్షువులకూ ఇస్తూ బతికిన కాలం అది. మనం ఈనాడు గీసుకునే హద్దులు వాళ్లకు ఆ విధంగా తెలియవు.

అక్కడి మరో దాత బోధిసిరి అనే ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బుద్ధుణ్ణి నమ్మిన గృహిణి. ఆమె చైత్యగృహాన్ని అంకితం చేసింది తామ్రపర్ణి, అంటే శ్రీలంక, ఆచార్యులకు. కాశ్మీరం, గాంధారం, చీనా, వనవాసి, ద్రావిడం వంటి దేశాలను ధర్మంలో ప్రసన్నం చేసినవారని ఆ శాసనం వారిని కీర్తిస్తుంది. కంటకసెలలో, అంటే నేటి ఘంటసాలలో, మహాచైత్యం దగ్గర ఆమె చేయించిన మండపం ప్రస్తావన కూడా అందులో ఉంది. ఘంటసాల ఆనాటి రేవు ప్రాంతం. ఓడలు నడిచిన దారిలోనే ధర్మమూ నడిచిందని పిల్లలకు చెప్పడానికి ఆ ఒక్క శాసనం చాలు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని సమర్పించిన విధికుడు చర్మకారుడు. బుద్ధుడి మార్గం కులం అడగకుండా దానం స్వీకరించింది, దాత పేరును రాతి మీద నిలిపింది. ఆ గౌరవం వ్యాపారులనూ, చేతిపనులవారినీ, స్త్రీలనూ ఎంతగా కదిలించి ఉంటుందో ఊహించండి.

బౌద్ధం బలం అదే, బలహీనతా అదే. భిక్షువు వండుకోడు, సంపాదించడు. ఆయన గిన్నెలో ఎవరో ఒకరు అన్నం వేయాలి. సముద్ర వ్యాపారం క్షీణించి, రాజుల దానాలు క్రమంగా అగ్రహారాలకూ ఆలయాలకూ మళ్లినప్పుడు భిక్షువులు ఉండే విహారాలు నిలవలేకపోయాయి. 7వ శతాబ్దిలో అమరావతి దగ్గరి ధాన్యకటకానికి వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ అప్పటికే చాలా విహారాలు పాడుపడ్డాయని రాశాడు. అంతకన్నా లోతైన కారణం మరొకటి ఉందని నేను అనుకుంటాను. ఆంధ్రదేశపు ఉపాసకుల ఇంట్లో బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా, తద్దినం పెట్టాలన్నా ఆ తంతు భిక్షువు చేతిలో లేదు. విహారం మూతపడిన నాడు ఇంట్లో మిగిలేది ఏముంటుంది? శ్రీలంకలో నేటికీ మరణం జరిగిన ఇంటికి భిక్షువులు వచ్చి పఠిస్తారు, కుటుంబం వారికి వస్త్రం సమర్పిస్తుంది. అక్కడ ధర్మం గడప దాటి లోపలికి వెళ్లింది. మా అమ్మ పల్లెలో గుడి తలుపులు ఎన్నాళ్లు మూసి ఉన్నా, గూట్లో దీపం, శ్రావణ శుక్రవారం నోము, పెద్దలకు పిండప్రదానం ఎన్నడూ ఆగలేదు. హిందూ మతం నిలిచినది ప్రధానంగా ఇళ్లలో, ఆడవారి చేతుల్లో.

సిక్కు గురువులు ఈ చిక్కును వేరే విధంగా పరిష్కరించారు. గృహస్థుడే సాధకుడు, కాబట్టి పోషించవలసిన సన్యాసి సంఘం లేదు. పంచుకుని తినమన్న నానక్ మాట లంగర్, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే సామూహిక వంటశాల, అయింది. రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ దాన్ని ఎంత ఆదరంతో నడిపిందో సిక్కుల పవిత్ర గ్రంథమైన గురుగ్రంథ సాహిబ్‌లోనే ఉంది. నాందేడ్‌లో 1708లో పదో గురువు గోవింద్ సింగ్ పరమపదించే ముందు, ఇకపై గ్రంథమే గురువని చెప్పాడు. అక్కడి లంగర్‌లో నేను రొట్టెలు కాల్చేవారి పక్కన కూర్చుని పిండి ఉండలు చేశాను. పెట్టేవారెవరో, తినేవారెవరో విడదీసి చెప్పలేని చోటు అది. నా జీవితంలో అంత నిండుగా భోంచేసిన రోజులు తక్కువ.

మరి ఇది పంజాబుకే ఎందుకు ఎక్కువగా పరిమితమైంది? 1699లో గురు గోవింద్ సింగ్ నెలకొల్పిన ఖాల్సా అనే దీక్షాపరుల సమూహంలో దీక్ష తీసుకున్న మొదటి ఐదుగురిలో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ మన పక్కనున్న బీదర్‌వాడని సంప్రదాయం చెబుతుంది. అంటే హద్దు మొదటినుంచీ ఉన్నది కాదు. ఆ తరువాత యుద్ధాలూ, గురుముఖి లిపీ, పంజాబీ భాషా ఆ సమాజాన్ని ఒకచోట దగ్గరగా కట్టి ఉంచాయి. ఇతరులను చేర్చుకోవాలనే ప్రచారం ఆ మతంలో ప్రధానం కాదు. అందువల్ల సిక్కు మతం ప్రధానంగా మనుషుల వెంట, వారి వలసల వెంట వెళ్లింది. 1832లో పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ పంపిన సైనిక దళం హైదరాబాదులో స్థిరపడింది, ఆ కుటుంబాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నాందేడ్‌లో నా పక్కన ఉండలు చేసిన పెద్దాయన అటువంటి కుటుంబంవాడే. నా యాస విని, "మీది గుంటూరు వైపా అండీ?" అని తెలుగులోనే అడిగాడు.