‘కుర్చీ’ని ‘కురీచ’ అని చదివే పిల్లలు

డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం దగ్గర వచ్చే ఇబ్బంది) ఉన్న పిల్లలకు తెలుగు చదవడం నేర్పడం గురించి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల టీచర్లు, తల్లిదండ్రులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: నాలుగో తరగతి చెబుతున్నాను. ముగ్గురు పిల్లలు ఇంకా గుణింతాల దగ్గరే తడబడుతున్నారు. వాళ్లలో ఒకడి అమ్మానాన్నలు ఏటా సుగ్గికి (వలస కూలి పనులకు) గుంటూరు వైపు పోతారు, వాడినీ తీసుకెళ్తారు. ముగ్గురికీ డిస్లెక్సియానేనా? డాక్టరు చెప్పేదాకా ఆగాలా?
– ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు), ఆదోని మండలం

జవాబు: ఆగొద్దు. ముగ్గురినీ ఒకే గాటన కట్టొద్దు కూడా.

ముందు హాజరు పట్టీ తీయండి. ఏడాదిలో మూడు నాలుగు నెలలు బడికి దూరమైన పిల్లవాడికి అక్షరాలు రాకపోతే, వాడికి ఎవరూ నేర్పలేదని అర్థం. అలాంటివాడికి రోజూ అరగంట చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు సూటిగా నేర్పితే గబగబా అందుకుంటాడు. ఏటా బడికి వస్తూ, కథ చెబితే చక్కగా విని, తిరిగి చెప్పగలిగి, లెక్క నోటితో చేయగలిగి, అక్షరం దగ్గర మాత్రం నిన్న వచ్చింది ఈరోజు మరిచిపోయే పిల్లను డిస్లెక్సియా కోణంలో చూడాలి. ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో, ఆ ధ్వనిని అక్షరంతో ముడివేయడంలో ఉండే ఇబ్బంది. తరచూ కుటుంబంలో ఇంకొకరికీ ఉంటుంది. తండ్రి గానీ మేనమామ గానీ చదువు దగ్గర ఇలాగే కష్టపడ్డారేమో అడిగి చూడండి.

ఒక్కో పిల్లతో విడిగా పది నిమిషాలు కూర్చుంటే చాలు. చిన్న కథ చెప్పి నాలుగు ప్రశ్నలు అడగండి. తర్వాత పుస్తకం లేకుండా ధ్వనులాట ఆడించండి. ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగిలింది? ‘గడప’లో ‘గ’ బదులు ‘క’ పెడితే ఏ ఊరు? పాలు, పిల్లి, పూలు, బంతి – మొదటి ధ్వని ఏ మాటలో వేరుగా ఉంది? తర్వాత అర్థం లేని పదాలు పది చదివించండి: మలుక, తాబిగె, నొరుడ, గేపిలు వంటివి. ఈ చివరిది తప్పక చేయండి. పాఠం కంఠతా పట్టి చదువుతున్నట్టు కనిపించే పిల్లలు చాలామంది ఉంటారు. ఎప్పుడూ వినని పదం ఎదురైతే ఆ ముసుగు తొలగిపోతుంది.

కథ వచ్చి, ధ్వనులాట రాక, అర్థం లేని పదాల దగ్గర ఆగిపోయిన పిల్లకు పాఠం రేపే మొదలుపెట్టండి. ఈ పది నిమిషాలతో డిస్లెక్సియా ఉందని నిర్ధారణ కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలుస్తుంది.

ప్రశ్న: డీఎల్‌ఎడ్ టీచరు శిక్షణలో ఇంద్రియాలన్నీ వాడి నేర్పాలని చెప్పారు. ఇసుకలో రాయించాను, రంగు చార్టులు చేశాను. గుణింతం పాటలా అప్పజెప్పే అమ్మాయి, పుస్తకంలో ‘కే’ కనబడితే ‘క కా కి కీ’ అంటూ మొదటినుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంది. ఒత్తులైతే అసలు రావు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– కొత్త టీచరు, పత్తికొండ

జవాబు: ఇసుకలో తప్పు లేదు, వరుసలో ఉంది.

గుణింతాన్ని నిలువుగా, ఒకే హల్లుకు అన్ని గుర్తులూ పెట్టి పాడించడం మన అలవాటు. పిల్లకు గుర్తుండేది పాట. గుర్తుకూ ధ్వనికీ ముడి పడదు. అందుకే అడ్డంగా నేర్పండి. ఒక గుర్తు తీసుకోండి, గుడి అనుకోండి. వచ్చిన ఏడెనిమిది హల్లుల మీద దాన్నే పెట్టండి: కి, పి, ని, గి, లి, రి, తి. వెంటనే ఆ గుర్తు ఉన్న పదాలు చదివించండి, రాయించండి. వరసగా మూడు రోజులు పదింట తొమ్మిది తడుముకోకుండా చదివితేనే తర్వాతి గుర్తుకు వెళ్లండి. హ్రస్వం, దీర్ఘం జంటగా పెట్టి చెవికి తేడా తెలిసేలా చేయండి: పడు–పాడు, మెడ–మేడ, పురి–పూరి. దీర్ఘం పలికేటప్పుడు చెయ్యి పక్కకు సాగదీయమనండి.

కొన్ని పేచీలు మన లిపిలోనే ఉన్నాయి. ప, వ లకు కొమ్ము కిందినుంచి మొదలవుతుంది. మొ, మో, యొ, యో ల రూపం కొ, కో ల మాదిరిగా ఉండదు. పిల్ల వీటిని ఊహించి తెలుసుకోవాలని వదిలేయకండి. ఒక పీరియడ్ వీటికే పెట్టండి.

అక్షరాలు కూడా అ నుంచి ఱ దాకా వరసలో అవసరం లేదు. ఎక్కువ మాటల్లో వచ్చేవి, రూపంలో దూరంగా ఉండేవి ముందు: ర, క, ల, ప, త, గ. వారానికి రెండు కొత్త అక్షరాలు చాలు. వ–మ, న–స, ద–డ, ద–ధ–థ లాంటి కవలలను ఒకే వారంలో ఎప్పుడూ పరిచయం చేయొద్దు. మొదటిది గట్టిపడ్డాక కనీసం రెండు వారాలు ఆగి రెండోది చెప్పండి.

ఇసుక విషయం. పళ్లెంలో పావంగుళం మందాన సన్నని ఇసుకో, రవ్వో చాలు. వేలు కదులుతున్నంతసేపూ నోరు ఆ ధ్వని పలకాలి. నోరు మూసుకుని రాస్తే అది బొమ్మ గీయడమే అవుతుంది, చదువుకు ఏమీ చేరదు. ఇసుకలో మూడుసార్లు, వెంటనే పలక మీద మూడుసార్లు, ఆ వెంటనే ఒక పదంలో వెతికి పట్టుకోవడం.

ఇక ఒత్తులు. మన పిల్లలు ఎక్కువగా మునిగిపోయేది ఇక్కడే. ‘కుర్చీ’ చూడండి. పైన ర, దాని తలమీద గుడిదీర్ఘం, కింద చ ఒత్తు. కంటికి కనబడే వరుస ర, ఈ, చ. నోరు పలికే వరుస ర్, చ్, ఈ. డిస్లెక్సియా ఉన్న పిల్ల కంటికి కనబడిన వరసలోనే చదివి ‘కురీచ’ అంటుంది. ‘మిత్రుడు’ని ‘మితురుడు’ అంటుంది. అది అజాగ్రత్త కాదు. ‘ర కు గుడిదీర్ఘం ఇస్తే రీ, రీ కి చ వత్తు ఇస్తే ర్చీ’ అని మనం చెప్పే తీరే ఆ తప్పును పెంచుతుంది. ముందు ‘రీ’ అనిపించి, తర్వాత దాన్ని మరిచిపొమ్మంటున్నాం. ధ్వనులను మనసులో పట్టి ఉంచడమే కష్టమైన పిల్లకు అది రెండింతల బరువు.

ఇలా చెప్పండి. గుడిదీర్ఘాన్ని, కింది ఒత్తును రెండు కాగితపు ముక్కలతో కప్పండి. ‘ర’ కనబడుతుంది, దాన్ని పొట్టిగా ‘ర్’ అనిపించండి. కింది ముక్క తీయండి: ‘ర్–చ’. చివర పై ముక్క తీయండి: ‘ర్చీ’. పిల్ల వేలు అదే దారిలో నడవాలి: పై అక్షరం, కింది ఒత్తు, మళ్లీ పైకి గుర్తు దగ్గరికి. పది పదాలు ఇలా చేశాక కాగితాలు వద్దు, వేలు చాలు. కొన్ని వారాలకు వేలూ అక్కర్లేకుండా పోతుంది.

వరుస మాత్రం దాటొద్దు. మొదట అక్క, అన్న, చెట్టు వంటి ద్విత్వాలు, ఆ తర్వాతే ‘కుర్చీ’ లాంటి సంయుక్తాలు. త, న, మ, య, ర, ల ఒత్తులకు వాటి మూలాక్షరాలతో పోలికే ఉండదు. వీటికి విడిగా ఆరు కార్డులు చేసి రోజూ తిప్పండి. మిగతావాటిలో చాలావరకు తలకట్టు లేని అక్షరాల్లా ఉంటాయి కాబట్టి అంత శ్రమ ఉండదు.

అరగంటలో ధ్వనులాటకు ఐదు నిమిషాలు, పాత కార్డులకు ఐదు, కొత్త విషయానికి ఎనిమిది, పదాలు చదివి రాయడానికి ఏడు, నేర్పిన అక్షరాలే ఉన్న నాలుగైదు వాక్యాలకు మిగతా ఐదు. చదవడానికిచ్చే వాక్యాల్లో నేర్పని ఒత్తు ఒక్కటున్నా పిల్ల ఊహించడం మొదలుపెడుతుంది. మీరే రాయండి: ‘పాప పలక కడిగింది’, ‘తాత రాగి సంగటి తిన్నాడు’. రెండో వాక్యం న ఒత్తు నేర్పాకే.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. తప్పులేమీ లేకుండానే చదువుతాడు, కానీ ఒక్క పేరాకు ఐదు నిమిషాలు పడుతుంది. చదివాక ఏముందో చెప్పలేడు. ఒకరు కంటి వ్యాయామాలు, రంగు అద్దాలు వాడమన్నారు. చాలా ఖర్చవుతుంది. పెట్టించమంటారా?
– ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బు దాచుకోండి. కంటి చూపు, వినికిడి మామూలుగా ఒకసారి పరీక్ష చేయించండి, అది అందరు పిల్లలకూ అవసరమే. డిస్లెక్సియాకు కంటి దోషం కారణం కాదని, కంటి వ్యాయామాలు, రంగు అద్దాలు దాన్ని నయం చేస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికాలోని పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లో కలిసి ప్రకటించాయి.

మీరు చెప్పిన లక్షణాన్ని తెలుగులో గట్టిగా పట్టించుకోవాలి. మన లిపిలో రాసినట్టే చదువుతాం కాబట్టి పెద్ద తరగతులకు వచ్చేసరికి ఈ పిల్లలు తప్పులు తగ్గించుకుంటారు, వేగం మాత్రం రాదు. తప్పులు లేవు కదా అని టీచరు వదిలేస్తారు. అక్షరం అక్షరం కూడబలుక్కునేసరికి అర్థం పట్టుకునే ఓపిక ఉండదు.

యాభై అరవై పదాల పేరా ఒకటి తీసుకోండి. ముందు మీరు చదివి వినిపించండి, తర్వాత బాబుతో కలిసి చదవండి, ఆ తర్వాత వాడితో మూడుసార్లు చదివించి ప్రతిసారీ ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. రోజుకు పది నిమిషాలు, వారంలో ఐదు రోజులు. వాడి సమయాన్ని వాడి నిన్నటి సమయంతోనే పోల్చండి, అక్కతో కాదు. పొడుగు మాటలను పెన్సిలు గీతతో విడగొట్టండి: పుస్తకాల/లో/నుంచి, వెళ్లి/పోయి/నప్పటికీ. ‘లో’, ‘నుంచి’, ‘తో’, ‘కోసం’ లాంటి తోకలు చూడగానే గుర్తుపట్టేలా అయితే వేగం దానంతటదే పెరుగుతుంది. సాంఘికశాస్త్రం, సైన్సు పాఠాలు మీరు చదివి వినిపించండి. చదవడం రాలేదని విషయం కూడా రాకుండా పోకూడదు.

ప్రశ్న: మా పిల్లలు ఇంట్లో కన్నడ మాట్లాడతారు. భ ను బ అని, శ ను స అని చదువుతారు. ఇది డిస్లెక్సియా లక్షణమా?
– టీచరు, రాయదుర్గం

జవాబు: కాదు. భ, శ లాంటివి పలకకపోవడం మన పల్లెల మాటతీరు. పెద్దవాళ్లూ ‘బారతం’ అనే అంటారు. అలాంటి తప్పులను లెక్కలోంచి తీసేయండి. ‘వచ్చాడు’ని ‘వచ్చినాడు’ అని చదివితే కూడా తప్పు కింద రాయొద్దు. పిల్ల అర్థం పట్టుకుని తన మాటలో చదివింది.

ధ్వనులాట మాత్రం ఇంటి భాషలో ఆడించండి. కన్నడ గానీ, ఉర్దూ గానీ, సుగాలి గానీ, ఆ భాష తెలిసిన పెద్దపిల్లల సాయం తీసుకోవచ్చు. ఇంటి మాటలోనూ ధ్వనులు విడదీయలేకపోతే అప్పుడు అనుమానించాలి. అద్దంలో చూసినట్టు అక్షరం తిప్పి రాయడం చూసి కంగారు పడకండి, చిన్న తరగతుల్లో చాలామంది పిల్లలు అలా రాస్తారు.

ప్రశ్న: మా స్కూల్ కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బడుల సముదాయంలో) 22 మంది టీచర్లకు డిస్లెక్సియా మీద ఒకరోజు శిక్షణ పెట్టాలనుకుంటున్నాం. ఏమేం చెప్పించాలి?
– ప్రధానోపాధ్యాయుడు, కడప జిల్లా

జవాబు: ఒకరోజు వద్దు సార్. దాన్నే ముక్కలు చేసి పదిహేను రోజులకొకసారి, గంటన్నర చొప్పున ఆరుసార్లు పెట్టండి. ఒకరోజు ఉపన్యాసంతో లక్షణాల పట్టిక గుర్తుంటుంది, చేయి తిరగదు. తలకిందుల అక్షరాలు చదివించి ‘ఈ పిల్లల బాధ ఇదీ’ అని చూపించే ఆటకు పూట పోగొట్టొద్దు. దానితో జాలి కలుగుతుంది, పాఠం చెప్పడం రాదు. పైగా డిస్లెక్సియా అంటే అక్షరాలు తిరగబడి కనబడటమనే అపోహ బలపడుతుంది.

మొదటిసారి టీచర్ల చెవులకే పని పెట్టండి. ‘కుర్చీ’లో ధ్వనులెన్ని అని అడగండి. చాలామంది రెండు అంటారు, ఎందుకంటే మనకు అక్షరాల్లో ఆలోచించడం అలవాటు. క్, ఉ, ర్, చ్, ఈ – ఐదు. ‘స్త్రీ’లో నాలుగు. ఈ లెక్క టీచరుకు తేలిగ్గా రానిదే పిల్ల ఎక్కడ జారిందో ఆయనకు కనబడదు. రెండో సమావేశానికి గుణింతం అడ్డంగా నేర్పడం, మూడోదానికి ఒత్తులు, నాలుగోదానికి వేగం, ఐదోదానికి రాత, ఆరోదానికి ఇంగ్లీషు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషును వేరుగా ఉంచడం అవసరం. 26 అక్షరాలతో 40కి పైగా ధ్వనులు రాసే ఆ భాషలో తెలుగు సూత్రాలు పనిచేయవు. తెలుగులో నెట్టుకొచ్చిన పిల్ల అక్కడ దొరికిపోతుంది.

ప్రతి సమావేశంలో కొత్త విషయం ఇరవై నిమిషాలు మించొద్దు. తర్వాత టీచర్లు జంటలుగా కూర్చుని, ఒకరు పిల్లగా, ఒకరు టీచరుగా పాఠం చేసి చూడాలి. ఎక్కడ తడబడతారో అక్కడే దిద్దాలి. మిగిలిన సమయం పిల్లల తప్పులకు ఇవ్వండి. ప్రతి టీచరూ తన తరగతిలో ఒక్క పిల్లను ఎంచుకుని, వారానికి నాలుగు రోజులు అరగంట చొప్పున నేర్పుతూ, పిల్ల చదివింది చదివినట్టు రాసి తేవాలి. పుస్తకంలో ఏముంది, పిల్ల ఏమంది, తప్పు ఏ రకం – మూడు గడులు చాలు. దీర్ఘం పోయిందా, ఒత్తు వరస మారిందా, పోలిక అక్షరమా, ఊహించి చదివిందా? ఇరవై తప్పులు రాస్తే వచ్చే వారం పాఠం ఏమిటో ఆ కాగితమే చెబుతుంది. దీన్ని మించిన శిక్షణ సామగ్రి లేదని మా నమ్మకం. మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ప్రత్యేక ఉపాధ్యాయులను మొదటి సమావేశం నుంచే కూర్చోబెట్టండి.

జరిగే పొరపాటు ఒకటుంది. ఈ పిల్లలను వెనకబడినవారి గుంపులో వేసి, అందరికీ ఒకే పాఠం మళ్లీ మళ్లీ చెప్పడం. చెప్పిందే చెబితే వీళ్లకు రాదు. ఇంకా చిన్న మెట్లుగా, ఇంకా ఎక్కువసార్లు, తప్పు జరిగిన క్షణంలోనే దిద్దుతూ చెబితే వస్తుంది.

ప్రశ్న: డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకోవాలి? టెన్త్‌లో ఏమైనా వెసులుబాటు ఉంటుందా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. మూడో తరగతిలో గానీ, 8 ఏళ్లకు గానీ, ఏది ముందైతే అప్పుడు బడిలోనే టీచర్లు పిల్లలను పరిశీలించాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండాకే ఇవ్వాలని కూడా అవి చెప్పాయి. బడిలో పరిశీలించిన కాగితాలు, నోటుపుస్తకాలు, పైన చెప్పిన తప్పుల పట్టిక వెంట తీసుకెళ్లండి, పరీక్షించేవారికి ఎంతో ఉపయోగం. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సదుపాయాలు సర్టిఫికెట్‌ను బట్టి వస్తాయి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపే రోజుల్లో పరుగెత్తితే అందదు. తొమ్మిదిలోనే తీసుకుని, నకలు ప్రధానోపాధ్యాయునికి ఇచ్చి, రోల్స్‌లో నమోదైందో లేదో మీ కళ్లతో చూసుకోండి. రాసిపెట్టే మనిషితో పరీక్ష రాయడం కూడా అలవాటు కావాలి. తొమ్మిదో తరగతి పరీక్షలు రెండైనా అలా రాయించి చూడమని బడిలో అడగండి.