పేరు మార్చమన్నారు, అంతే కదా!

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం, సీఎస్ఈ. ఎవరో రాసిన ఓపెన్ సోర్స్ నోట్స్ యాప్‌ను మార్చి, తెలుగు చేర్చి, పాత పేరుతోనే నెట్‌లో పెట్టాడు. పేరు, లోగో తీసేయమని అసలువాళ్లు మెయిల్ పంపారు. కేసవుతుందని భయంగా ఉంది. లాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టాను. ఇదంతా మాన్పించి ఏఐ కోర్సులో చేర్చనా? ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కంగారు పడకండి. మీవాడు దొంగతనం చేయలేదు. ఓపెన్ సోర్స్ అంటేనే అందరికీ తెరిచిపెట్టిన కోడ్; దాన్ని మార్చుకోవడానికి లైసెన్సే అనుమతిస్తుంది. పేరు సంగతి వేరు. ఉదాహరణకు, ఇలాంటి యాప్‌లకు ఎక్కువగా వాడే అపాచీ 2.0 అనే లైసెన్స్ ఆరో క్లాజు చూడమనండి: ట్రేడ్‌మార్కులు, అంటే అసలువాళ్ల పేరు, లోగోలాంటివి, వాడుకోవడానికి ఇది అనుమతి కాదని నేరుగా రాసి ఉంటుంది. ‘ఫలానా యాప్ ఆధారంగా చేసింది’ అని చెప్పుకోవడానికి మాత్రం అడ్డులేదు.

ఇంతకంటే పెద్దవాళ్లకే ఇది ఎదురైంది. డెబియన్ అనేది లినక్స్ ఆధారంగా నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్; దాన్ని తయారుచేసేవారు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తమ మార్పులతో అందులో ఇచ్చేవారు. ఫైర్‌ఫాక్స్ పేరు పెట్టుకోవాలంటే లోగో కూడా వాడాలి, మీ మార్పులకు మా ఆమోదం ఉండాలి అని ఆ బ్రౌజర్‌ను రూపొందించే మొజిల్లా 2006లో వారికి చెప్పింది. వారు ఒప్పుకోలేదు. బ్రౌజర్‌కు ఐస్‌వీజల్ అని పేరు పెట్టి, తమ మార్పులతోనే పంచుకున్నారు. రాజీ కుదిరి 2016లో పాత పేరు తిరిగొచ్చింది. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ విషయంలో డెబియన్ వారిది మహా పట్టుదల. అయినా, మార్చిన ప్రోగ్రామ్‌కు వేరే పేరు పెట్టమని లైసెన్స్ అడగవచ్చని వారి మార్గదర్శకాల్లో నాలుగో అంశమే ఒప్పుకుంటుంది.

అసలు జాగ్రత్త మరోచోట కావాలి. పేరు మార్చమనగానే కుర్రాళ్లు ఫైళ్లన్నిటిలో పాత పేరు వెతికి ఒక్క దెబ్బతో మార్చేస్తారు. ఆ ఊపులో ఫైలు పైభాగాన ఉండే కాపీరైట్ వరుసలు, అసలు రచయితల పేర్లు కూడా ఎగిరిపోతాయి. తప్పంటే అదీ! ఆ వరుసలు అలాగే ఉండాలి. యాప్ పేరు, ఐకాన్, ఆండ్రాయిడ్ అయితే ప్యాకేజీ పేరు (ఫోన్ ఆ యాప్‌ను గుర్తుపట్టే లోపలి పేరు) మారాలి. ఏం మార్చాడో, ఎప్పుడు మార్చాడో రాసిపెట్టాలి. యాప్ లైసెన్స్ జీపీఎల్ (మరో ఓపెన్ సోర్స్ లైసెన్స్) అయితే, మార్చినట్టు తేదీతో సహా చెప్పడం తప్పనిసరి.

ఇక మీ సంగతి. లాప్‌టాప్ బీరువాలో పెట్టడమేమిటండీ? మెయిల్‌కు బదులివ్వాల్సిన పిల్లవాడి చేతులు కట్టేసి, బదులు రాలేదని వాళ్లకు కోపం రావడానికి మీరే దారి వేస్తున్నారు. మీ భయాన్ని వాడి నేరంగా మార్చకండి. ఈరోజే తిరిగివ్వండి. రెండు వాక్యాల జవాబు వాడే రాస్తాడు. వాడి పేరుతో మీరు రాయకండి.

ఏఐ కోర్సులపై నా అనుమానాలు నావి. మూడు నెలల శిక్షణ ముగించి వచ్చిన రెజ్యుమేలు ఎన్నో చూస్తుంటాను. టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో చెప్పే ప్రాజెక్టు, కొత్తగా నేర్చుకునేవారికి ఇచ్చే అభ్యాసం, ఒకరి రెజ్యుమేలో ఉంటే పక్కవారిదాంట్లోనూ అదే. గణితం మీద పట్టు లేకుండా సర్టిఫికెట్ ఏం చేస్తుంది? అలాగని ఓపెన్ సోర్స్ మోజు కూడా తక్కువేమీ కాదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, 2020లో ఆ టీషర్టు కోసం పనికిరాని మార్పులు కుప్పలుగా పంపి ఆ ప్రాజెక్టులు చూసుకునేవారిని విసిగించినవారు ఎందరో. మీవాడు అలా కాదు, తనకు కావలసిన తెలుగు చేర్చుకున్నాడు. పేరెందుకు మార్చాడో, ఏ లైసెన్స్ కిందో ఇంటర్వ్యూలో చెప్పగలిగితే అక్కడ మంచి సంభాషణకు అదే మొదలు.

కోర్సు తప్పదనుకుంటే, ఫీజు కట్టేముందు కిందటి బ్యాచ్ విద్యార్థి సొంతంగా రాసిన కోడ్ చూపించమనండి. దాన్ని మీరు కాదు, మీ అబ్బాయి చదవాలి.