ఫోన్ మానిపించడానికి వేదపాఠశాలా?

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. ఫోన్ వదలడు, ఈమధ్య అబద్ధాలు కూడా చెబుతున్నాడు. వేదపాఠశాలలో చేర్పిస్తే బుద్ధిగా ఉంటాడని మా మామగారు అంటున్నారు. చదువు పాడవుతుందేమోనని మా వారి టెన్షన్. ఏం చేయమంటారు? - ఒక తల్లి, ఒంగోలు

అమ్మా, మీ మామగారి ఆశను తప్పు పట్టను. కానీ వేదపాఠశాల అల్లరి పిల్లల్ని దారిలో పెట్టే చోటు కాదు, అదొక వృత్తి చదువు. తెల్లవారకముందే లేచి సంధ్యావందనం చేసుకుని, గంటల తరబడి గురువుగారి ఎదుట సంత చెప్పుకోవాలి, అంటే ఆయన చెప్పింది విని తిరిగి వల్లించాలి. ఆయన ఒకసారి అంటే పిల్లలు రెండుసార్లు అనాలి. స్వరం తప్పితే మళ్ళీ మొదటికి. వేదాన్ని వల్లించే పద్ధతుల్లో పదం, క్రమం, జట దాటి కష్టమైన ఘన చేరేసరికి పదేళ్ళయినా పట్టొచ్చు. దీనికి ఇష్టం, ధారణ రెండూ ఉండాలి.

అవి ఉంటే మాత్రం ఇది పనికిరాని చదువేం కాదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉజ్జయినిలో ఉన్న మహర్షి సాందీపని సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లలో వేదభూషణ్‌ను పదో తరగతికి, వేదవిభూషణ్‌ను ఇంటర్‌కు సమానంగా చూస్తారు. ఆ తర్వాత తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. మీరు అనుకుంటున్న పాఠశాలకు గుర్తింపు ఉందా, లెక్కలు, ఇంగ్లిష్ చెబుతారా అన్నది ముందే అడగండి. రేపు ఎంపీసీ చదివించాలనుకుంటే ఈ దారి కష్టం. ఆ విషయంలో మీ వారి భయం నిజమే. ఇంకో సంగతి: వేదం వస్తే గుడిలో అర్చకుడైపోవచ్చని చాలామంది అనుకుంటారు. అర్చకత్వానికి ఆగమం, అంటే గుడి పూజల శాస్త్రం, వేరుగా చదవాలి. వైష్ణవాలయాలకు వైఖానసమో పాంచరాత్రమో, శివాలయాలకు శైవాగమం.

ఇక అబద్ధాలు. పిల్లవాణ్ణి మిషన్ హాస్టల్లో వేద్దామనో, మదరసాకు పంపుదామనో ఇదే కారణంతో నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. ఏ మతం వారైనా నేను మొదట అడిగేది ఒకటే: మార్కులు తగ్గితే ఇంట్లో ఏం చేస్తారు? దెబ్బలకు భయపడి ప్రోగ్రెస్ కార్డు దాచేవాడు హాస్టల్లో వార్డెన్ దగ్గరా దాస్తాడు.

ముందు ఇది చేసి చూడండి. రోజూ సాయంత్రం అరగంట మామగారినే బాబుకు నాలుగు శ్లోకాలు, భారతం కథలు చెప్పమనండి. ఆ అరగంట ఇంట్లో ఎవరూ ఫోన్ ముట్టకూడదు, మీ వారితో సహా. రెండు నెలలయ్యాక బాబే ఇంకా నేర్చుకుంటానంటే, పాఠశాలకు తీసుకెళ్ళి ఒక పూట సంత చూపించండి. చేర్చుకోవడానికి వయసు పరిమితి ఉంటుంది, అది మాత్రం ఇప్పుడే కనుక్కోండి.