వార్డులో పెద్దవాళ్లకు తోడుండబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి అత్త ఆశీస్సులు.

నీవు సెలవు రోజుల్లో ఆసుపత్రికి వెళ్లి, మతిమరుపు జబ్బుతో ఉన్న పెద్దవాళ్లకు తోడుగా ఉంటానని పేరిచ్చావట. "పక్కన కూర్చోవడం కూడా ఒక పనేనా" అని మీ నాన్న ఫోనులో విసుక్కున్నాడు గాని, నాకు సంతోషమూ దిగులూ రెండూ కలిగాయి. అమెరికాలోని యేల్ న్యూ హేవెన్ ఆసుపత్రిలో డాక్టర్ షారన్ ఇనూయే బృందం డెబ్బై ఏళ్లు, ఆపైబడిన 852 మంది రోగులను పరిశీలించి 1999లో ప్రచురించిన ఫలితాలు వాడికి చెప్పు. మామూలు వైద్యం అందినవారిలో 15 శాతం మందికి డెలీరియం, అంటే ఉన్నట్టుండి మనసు అయోమయంలో పడిపోయే స్థితి, రాగా, సిబ్బందీ స్వచ్ఛంద సేవకులూ దగ్గరుండి మాట్లాడించి, నడిపించి, నీళ్లు తాగించినవారిలో అది 9.9 శాతమే.

చేతులు కడుక్కోవడం, పేరు చెప్పి నెమ్మదిగా పలకరించడం వంటివి అక్కడే నేర్పుతారు. మింగగలరో లేదో నర్సును అడగకుండా గుక్కెడు నీళ్లు కూడా పట్టకు.

మా అత్తగారు తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరినప్పుడు, ఎక్కడ పోతాయోనని ఆవిడ కళ్లద్దాలు, చెవి మిషను తీసి అల్మారాలో పెట్టేశారు. సరిగా కనిపించక, వినిపించక ఆవిడ దుప్పటి లాగేస్తూ, ఏనాడో పోయిన మామగారిని పిలుస్తుంటే, ఆయా "ఆయన పోయారుగా అమ్మా" అని గుర్తుచేసేది. ఆవిడ ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేవారు. ఒక మధ్యాహ్నం ఆ అలజడి ఒక్కసారిగా ఆగిపోయింది. పాపం కుదుటపడ్డారని వార్డంతా సంతోషించింది. నోట్లో పెట్టిన ఇడ్లీ ముక్క నమలకుండా బుగ్గన అలాగే ఉంటే, అదీ నిద్రమత్తే అనుకున్నారు. సాయంత్రం రౌండ్సుకు వచ్చిన డాక్టరు చెయ్యి వేసి చూసేసరికి, మూత్రం ఆగిపోయి పొత్తికడుపు రాయిలా ఉంది. ట్యూబు వేశాకే ఆవిడ తేరుకున్నారు.

అందుకే అల్లరి చేసేవారికంటే, ఉన్నట్టుండి నెమ్మదించినవారిని చూస్తేనే నాకు భయం. మతిమరుపు సాధారణంగా నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. గంటల్లో మనిషి మారిపోతే ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్త మందో కారణం కావచ్చు గనుక, ఈ జబ్బులో ఇంతేలే అని ఊరుకోకుండా వెంటనే నర్సుకు చెప్పు. విసుక్కుంటే మళ్లీ చెప్పు.

పోయినవారి కోసం అడిగితే అబద్ధమాడకు, చావు కబురూ మోసుకెళ్లకు. ఆయన ఏం తెచ్చేవారని అడుగు. మేము అలా అడిగితే, సంతనుంచి పచ్చి వేరుశెనగకాయలు తెచ్చి ఉడకబెట్టమనేవారని మా అత్తగారు ఎంతసేపో చెప్పారు.

గోళ్లు కత్తిరించుకుని, గాజులు తీసి వెళ్లు తల్లీ, వాళ్ల చర్మం పలచన, ఇట్టే గీసుకుపోతుంది. టిఫిను మానేసి పరుగెత్తే నీ పాడు అలవాటు అక్కడ పనికిరాదు. రాత్రిపూట ఉండమంటే, నిన్ను ఇంటికి తీసుకురావడానికి మీ నాన్న వస్తాడో రాడో ముందే కనుక్కో. రానంటే నాకు ఫోను చెయ్యి, వాడి సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ అత్త