‘పామ్ పోకో’ అనే జపాన్ యానిమేషన్ సినిమాలోని కొండలు నిజంగా ఉన్నాయా? అది నిజ కథేనా?

కొండలు నిజమే. టోక్యోకి పడమటి వైపున్న తామా కొండలు అవి. ఊళ్ల నుంచి వచ్చిపడుతున్న జనానికి నగరంలో ఇళ్లు చాలక, 1965లో అక్కడ ‘తామా న్యూ టౌన్’కి ప్లాన్ ఖరారు చేశారు. అడవినీ పొలాలనీ చదును చేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. 1971 నుంచి జనం దిగారు. ఇసావో తకహతా 1994లో తీసిన ఈ సినిమాకి పునాది అదే.

సినిమాలో తమ కొండల్ని కాపాడుకోవడానికి పోరాడే జంతువులు రకూన్లు (అమెరికాలో ఉండే, కళ్ల చుట్టూ నల్ల మచ్చలున్న జంతువులు) కావు. ఇంగ్లీషు డబ్బింగ్‌లో అలా అనడంతో చాలామంది పొరబడతారు. అవి తనూకీలు, కుక్క కుటుంబానికి చెందిన జంతువులు. వేషం మార్చి మనుషుల్ని ఏమారుస్తాయని జపాన్ జానపద కథలు చెబుతాయి. సినిమాలో వాటి ఆయుధమూ అదే. ప్రాణం పెట్టి దయ్యాల ఊరేగింపు తీస్తే, జనం భయపడకపోగా చప్పట్లు కొడతారు. ఆ ఘనత తనదేనని ఒక థీమ్ పార్క్ యజమాని చెప్పుకుంటాడు! నాకు అక్కడ చాలా కోపం వచ్చింది.

చివర్లో, ఓడిపోయాక, ఉన్న శక్తంతా కూడగట్టి పాత కొండల్ని ఒక్కసారి అందరి కళ్లముందు నిలబెడతాయి. పచ్చటి పొలాలు, మట్టి దారి... కాసేపే. మళ్లీ అవే అపార్ట్‌మెంట్లు. ఆ తర్వాత వేషం మార్చగలిగినవి మనుషుల్లా ఉద్యోగాలు చేసుకుంటాయి. ఆ విద్య రానివి మిగిలిన చెట్ల మధ్య తలదాచుకుంటాయి, తిండి కోసం రోడ్డు దాటుతూ కార్ల కింద పడతాయి.