బతికున్న చీరమేను చెరువులో వదలొచ్చా?

ప్రశ్న: ఏటిగట్టు పక్కన నాకు రెండెకరాల ఉప్పునీటి చెరువు ఉంది. రొయ్య వరసగా దెబ్బతినడంతో ఈసారి చేప వేద్దామనుకుంటున్నాను. దీపావళి రోజుల్లో యానాం, భైరవపాలెం వైపు పడే చీరమేను పెద్ద చేపల పిల్లేనంటున్నారు. బతికుండగా కొని వదిలితే సీడ్ ఖర్చు కలిసొస్తుందా? అమావాస్య, పున్నమి పోట్లకే పిల్ల ఎక్కువ ఎందుకొస్తుంది?
– ఒక రైతు, ఐ.పోలవరం మండలం

జవాబు: వదలకండి. కూరకైతే కొనుక్కోండి గానీ, చీరమేను పలికే ధరకు సీడ్ ఖర్చు కలిసొచ్చే మాట ఎలాగూ లేదు.

మీరు విన్నది నిజమే, చీరమేను చేపల పిల్లే. సముద్రపు చేపల్లో చాలావరకు గుడ్లను కాపలా కాయవు, నీళ్లలో వదిలేసి పోతాయి. పండుగొప్పనే చూడండి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఉప్పెక్కువున్న నీటిలో లక్షల గుడ్లు విడుస్తుంది. గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. 28–30 డిగ్రీల నీటిలో రోజు తిరక్కుండానే పిల్ల బయటపడుతుంది. అప్పటికి దానికి నోరు తెరుచుకోదు, పొట్ట కింద సొనసంచే ఆధారం. రెండోరోజుకు నోరు వస్తుంది. సొన అయిపోయేలోగా నోట్లో పట్టేంత సన్న మేత, అంటే రోటిఫర్లు, కోపెపాడ్ పిల్లల్లాంటి అతి సన్న నీటి జీవులు దగ్గర్లోనే ఉండాలి. ఆకలి ఒక హద్దు దాటాక మేత ముందుకొచ్చినా తినే సత్తువ ఉండదు. ఏ ఏడు చేపలు ఎక్కువ పడతాయన్నది ఈ మొదటి రోజులే తేలుస్తాయని నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే అన్నాడు. ఆకలితో పాటు ప్రవాహం నడిసముద్రంలోకి ఈడ్చుకుపోవడం కూడా కారణమేనని ఆయనే చెప్పాడు, జెల్లీచేపలు, పెద్ద చేపలు మింగేయడాన్ని తర్వాతివాళ్లు చేర్చారు.

ఇక పోటు సంగతి. నాకు ఎక్కువ నచ్చిన ప్రశ్న ఇదే. అంత చిన్న పిల్ల ప్రవాహానికి ఎదురీదలేదు, కానీ పైకీ కిందికీ కదలగలదు. చాలా జాతుల పిల్లలు ఆ ఒక్క పనితోనే ఏరు ఎక్కుతాయి. పోటు వచ్చేటప్పుడు పైకి లేచి నీటితో లోపలికి సాగుతాయి, పాటు తీసేటప్పుడు అడుగుకు దిగి, నీరు నెమ్మదిగా కదిలేచోట నిలదొక్కుకుంటాయి. ఇలా పోటుకింత చొప్పున జరుగుతూ పాయల్లోకి, కోరింగ మడ అడవుల వేళ్ల మధ్యకు చేరతాయి. అమావాస్య, పున్నమికి పోటు బలం ఎక్కువ కాబట్టి ఒక్క ఊపులో ఎక్కువ దూరం వస్తాయి. అమావాస్య చీకటిలోనైతే, వేటాడే చేపల కంటా అంతగా పడవు. ఆ రోజుల్లో మీ తూము గుండా నీరూ ఎక్కువే వస్తుంది, అదీ లెక్కలోకి తీసుకోండి! ఇక దీపావళి రోజులంటే వరద తగ్గి, ఉప్పునీరు మళ్లీ పాయల్లోకి ఎక్కే కాలం.

ఇంత దాటి వచ్చినా ఈ పిల్ల ఇంకా లేతదే. ఒంటిమీద పొలుసులు సరిగా ఏర్పడి ఉండవు. వల గీరుకున్నా, బిందెలో ఒత్తుకున్నా చాలావరకు చస్తుంది. పైగా అంత సన్నకన్ను వలలో ఏ జాతి పిల్ల పడిందో మైక్రోస్కోపు కింద రెక్కముళ్లు లెక్కపెడితే తప్ప నాకూ తేలదు. వాటిలో మీ చెరువులో ఎదగనివి ఉంటాయి, మిగతావాటిని మింగేసేవీ ఉంటాయి.

పండుగొప్ప వేయాలనుకుంటే హేచరీ సీడే తెచ్చుకోండి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ 1997లోనే ఈ చేపను హేచరీలో పొదిగించింది. ఎనిమిది, పది సెంటీమీటర్ల పిల్లయితే నేరుగా చెరువులో వదలొచ్చు. అంతకన్నా చిన్నది కొంటే ముందు హాపాల్లో, అంటే నీటిలో కట్టే వల తొట్లలో పెంచుతూ, మూడు నాలుగు రోజులకోసారి సైజులవారీగా వేరుచేయక తప్పదు. తన పొడవులో మూడింట రెండు వంతులున్న తోటి పిల్లనైనా మింగే రకమది. అంత కాపలా మీకు కుదరకపోతే నాచు మేసే పాలబొంత నయం.

ఏది వేసినా, పోటు నీటితో బయటి పిల్ల లోపలికి రాకుండా తూముకు సన్నకన్ను వల రెండు పొరలు కట్టి నీరు తీయండి. సీడ్‌కు ఆర్డరిచ్చే ముందు మీ చెరువు నీటి ఉప్పు శాతం, లోతు రాసి పంపితే ఎకరాకు ఎన్ని పిల్లలు పడతాయో చెబుతాను.